కడపలో సైకిల్ ఏ దిక్కుకు తిప్పాలి?

కడప నుంచి ఉత్తరంగా ఇరవై కిలోమీటర్లు తొక్కడమూ, దక్షిణంగా ఇరవై కిలోమీటర్లు తొక్కడమూ ఒకటి కాదు. ఉత్తరాన పెన్న. దక్షిణాన పాలకొండలు, వాటి మీదుగా గువ్వలచెరువు కనుమ. తూర్పుగా పోయేకొద్దీ ఒక పక్క పాలకొండలు, ఇంకో పక్క లంకమల కొండలు దగ్గరికి జరుగుతూ వస్తాయి. పడమర మాత్రం తెరిపి, నల్లరేగడి మైదానం. సముద్రమట్టానికి దాదాపు 138 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు ఈ గిన్నెకు అడుగున కూర్చుంది. నేల వాలు ఎటో తెలియాలంటే బుగ్గవంకను చూస్తే చాలు. పాలకొండల వైపు పుట్టి, ఊరిని చీల్చుకుంటూ ఉత్తరానికి పారి పెన్నలో కలుస్తుంది. వంక పారినట్టే సైకిలూ పోతుంది. పెన్నకు పోయేటప్పుడు చక్రం తేలిగ్గా దొర్లుతుంది, తిరిగి వచ్చేటప్పుడు కాలికి పని పడుతుంది. ఈ సంగతి మరిచి, పోయేటప్పటి వేగాన్ని నమ్మి దూరం పెంచుకున్నవాళ్లే చివరి ఐదు కిలోమీటర్లలో దిగి నడిపించుకుంటూ వస్తారు.

అందుకే ఆదివారం పొద్దున సరదాగా తొక్కడానికి బయలుదేరేవాళ్లు కిలోమీటర్లు లెక్కేసే ముందు దిక్కు చూసుకోవాలి. వాలు, గాలి, ఎండ, ఆ రోడ్డు మీద తిరిగే బండ్లు, ఈ నాలుగూ తేలాక మిగిలేదే దూరం.

గాలి, పొద్దు

జూన్ నుంచి సెప్టెంబరు దాకా రాయలసీమలో పడమటి గాలి. పొద్దున ఆరు, ఏడు గంటలప్పుడు మెత్తగా ఉండి, తొమ్మిది దాటాక ఊపందుకుంటుంది. గాలి అడ్డు అనేది వేగంతో పాటు కాదు, వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకు 15 కిలోమీటర్లు తొక్కేవారికి ఎదురుగా 15 కిలోమీటర్ల గాలి తగిలితే, గాలి లేనప్పటికన్నా అడ్డు నాలుగింతలు. కాబట్టి వానాకాలంలో ముందు పడమరకు పోవాలి. గాలి లేవకముందే ఎదురు తొక్కేసి, లేచాక దాన్ని వీపున వేసుకుని రావాలి. నవంబరు నుంచి జనవరి దాకా గాలి తూర్పు, ఈశాన్యాలకు మళ్లుతుంది, అప్పుడు తూర్పున ఉన్న సిద్ధవటం, ఒంటిమిట్ట దారులు పట్టాలి.

తూర్పు దారులకు ఇంకో చిక్కు ఉంది. పొద్దు పొడుస్తున్న వేళ తూర్పుగా తొక్కుతుంటే వెనక వచ్చే లారీ డ్రైవరుకు ఎండ కళ్లలో పడుతుంది. ముందున్న సైకిల్ నీడలా కలిసిపోతుంది. వెనక మెరిసే ఎర్ర లైటు ఉన్నా ఆ వెలుతురులో అది కనిపించదు. డిసెంబరు ఆఖరున కడపలో పొద్దు పొడిచేది ఆరున్నర దాటాకే, ఏడుంబావు తర్వాత బయలుదేరితే ఈ గండం తప్పుతుంది. చలికాలం కనుక ఆలస్యమైనా మాడిపోయేది లేదు. ఎండాకాలం సంగతి వేరు. మే నెలలో ఐదుకల్లా రోడ్డెక్కి, ఎనిమిదిన్నరకు ఇంట్లో ఉండాలి. ఏ దిక్కైనా సరే.

ఉత్తరం: చెన్నూరు, కాలువ గట్టు

కొత్తగా మొదలుపెట్టేవారికి చెన్నూరు దగ్గరి పెన్న వంతెనకు మించినది లేదు. పోను రాను ఇరవై కిలోమీటర్లకు అటూఇటూ. వాలు తెలిసీ తెలియనంత. కర్నూలు హైవే కాబట్టి తారు బాగుంటుంది, లారీలూ బాగానే ఉంటాయి. తెల్లగీతకు ఎడమ పక్కన వదిలిన అంచులో తొక్కాలి. అక్కడ ఎదురు పడేది లారీ కాదు, తప్పు పక్కన ఎదురొచ్చే మోటారు సైకిల్. అది వచ్చినప్పుడు కుడికి తిరిగి లారీల దారిలోకి పోకుండా, ఆగి ఎడమ అంచున నిలబడటమే మంచిది.

హైవే నచ్చనివాళ్లు కె.సి. కాలువ గట్లు పట్టుకుంటారు. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలై కడప దాకా వచ్చే ఈ కర్నూలు–కడప కాలువను 1860లలో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తవ్వడం మొదలుపెట్టింది. సాగుకే కాక పడవల రాకపోకలకూ పనికొచ్చేలా కట్టింది. పడవ నడవాలంటే నీరు నిదానంగా కదలాలి, అంటే కాలువ దాదాపు సమతలంగా సాగాలి. నూటయాభై ఏళ్ల కిందటి ఆ లెక్క ఇవాళ సైకిల్‌కు కలిసొస్తోంది. గట్టు మీద ఎక్కుడు దిగుడులు లేవు. ఉన్నది మట్టి, కంప.

కంప అంటే ఇక్కడ సర్కారు తుమ్మే. దాని ముల్లు ఎండాక మేకులా గట్టిపడుతుంది, గొర్రెలకాపరులు కొట్టి పడేసిన మండలు గట్టు మీద ఎక్కడైనా ఉంటాయి. పల్లేరుకాయలు అదనం. సన్న టైరుతో ఈ దారికి రావడం పంచరు కోసం రావడమే. 35 నుంచి 40 మిల్లీమీటర్ల వెడల్పు టైరు కావాలి. 70 కిలోల మనిషికి 35 టైరులో వెనక 55–60 పి.ఎస్.ఐ. (టైరులో గాలి ఒత్తిడికి కొలత), ముందు ఓ ఐదు తక్కువ గాలి సరిపోతుంది. మామూలు నల్ల సైకిల్ 28 అంగుళాల టైరుకు 45–50 చాలు. గట్టిగా కొట్టిస్తే వేగం వస్తుందని పంచరు షాపులో రాయిలా కొట్టించుకుంటారు. మట్టిదారిలో దానివల్ల ఒళ్లు హూనం కావడం తప్ప లాభం లేదు. టైరుకూ ట్యూబుకూ మధ్య పాత ట్యూబు ముక్కను నిలువునా చీల్చి పరిస్తే చిన్న ముళ్లు చాలావరకు ఆగుతాయి. బరువు కాస్త పెరుగుతుంది, అంతే.

ముల్లు దిగినప్పుడు చేసే పెద్ద తప్పు దాన్ని వెంటనే పీకేయడం. గాలి నిలిచి ఉంటే ముల్లే బిరడా. కిలోమీటరు దూరంలో నీడ ఉంటే అలాగే అక్కడికి పోయి పీకవచ్చు. రెండో తప్పు, ట్యూబుకు అంటు వేసి టైరు లోపల వెతక్కపోవడం. విరిగిన మొన టైరులోనే ఉంటుంది, అర కిలోమీటరు పోగానే అదే చోట మళ్లీ గుచ్చుతుంది. వేలితో తడిమితే వేలికి దిగుతుంది కాబట్టి దూది ఉండనో పాత బనీను గుడ్డనో లోపల తిప్పాలి, మొన ఉన్నచోట పోగు పట్టుకుంటుంది. మూడోది తొందర. సొల్యూషన్ పూసి తడిగా ఉండగానే ముక్క అంటిస్తే అది ఎండలో జారిపోతుంది. గరుకు కాగితంతో బాగా రుద్ది, పలచగా పూసి, తాకితే వేలికి అంటనంత వరకు, ఓ ఐదు నిమిషాలు, ఆరనివ్వాలి. ఆ తర్వాత ముక్క పెట్టి గట్టిగా నొక్కాలి.

ఎండలో నిలబెట్టిన సైకిల్ టైరు పేలుతుందన్న భయం ఎక్కువమందిలో ఉంది. లెక్క చూస్తే అంత లేదు. 27 డిగ్రీల దగ్గర 60 పి.ఎస్.ఐ. ఉన్న టైరు 57 డిగ్రీలకు కాగితే 67 దాకా వస్తుంది, మంచి టైరు దాన్ని భరిస్తుంది. భరించనిది పాత అంటు. వేడికి సొల్యూషన్ మెత్తబడి ముక్క అంచు లేస్తుంది. ట్యూబు పేలిందని మనం అనుకునేవాటిలో చాలా భాగం అంటు ఊడినవే.

పడమర: పుష్పగిరి

కడప చుట్టూ ఉన్న దారుల్లో ఒక్కటే ఎంచుకోమంటే ఇదే. ఊరికి వాయవ్యంగా పదహారు కిలోమీటర్లకు అటూఇటూ, పోను రాను రెండు గంటల తొక్కుడు. నది ఒడ్డున చెన్నకేశవ, సంతాన మల్లేశ్వర ఆలయాలు, గోడల నిండా భారత రామాయణాల శిల్పాలు. ఊరు ఒక ఒడ్డున, ఆ గుళ్లు ఇంకో ఒడ్డున ఉన్నాయి కాబట్టి ఏ ఒడ్డుకు చేర్చే రోడ్డు పట్టామో బయలుదేరేముందే చూసుకోవాలి. ఏడాదిలో ఎక్కువ నెలలు పెన్న ఇక్కడ ఇసుకే. చాలామంది అడ్డంగా నడిచి దాటుతారు. సైకిల్‌ను ఇసుకలో తోసుకుపోతే రేణువులు చైనులోకి, ఫ్రీవీల్ అనే వెనక పళ్లచక్రంలోకి చేరి మరుసటి రోజు నుంచి కరకరలాడుతుంది. భుజాన వేసుకుని దాటడమో, ఇవతల తాళం వేసి పోవడమో నయం.

ఇసుక పొడిగా ఉందన్నది ధీమా కాకూడదు. పెన్నకు నీళ్లు ఇక్కడి వానతోనే రావు. పైన కుందూ, పాపాఘ్ని పరీవాహకాల్లో కురిసినా, గండికోట, మైలవరం జలాశయాల నుంచి వదిలినా ఇక్కడ నీరు పెరుగుతుంది, నెత్తిన మబ్బు కూడా లేకుండా. 2021 నవంబరు వరదల్లో కమలాపురం దగ్గర పాపాఘ్ని మీది వంతెనే కూలింది. అదే నెల 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. అక్టోబరు, నవంబరుల్లో కాజ్‌వే (నదిని దాటే తక్కువ ఎత్తు రోడ్డు) మీద నీరు పారుతుంటే, లోతు మోకాలికి రాకపోయినా, వెనక్కి తిరగడమే. పారే నీరు చక్రానికి పక్కనుంచి తగులుతుంది, అడుగున తారు కోసుకుపోయి ఉన్నా కనపడదు.

వాన తర్వాత ఈ దిక్కున ఇంకో బెడద రేగడి. తడిసిన నల్లమట్టి టైరుకు పూతలా పట్టి, తిరిగేకొద్దీ లావై, మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య ఇరుక్కుంటుంది. వంద మీటర్లలో చక్రం బిగుసుకుపోతుంది. బలం పెట్టి తొక్కితే చైను జారడమో, గేర్ల సైకిల్‌లో వెనక డిరైలర్ (గేరు మార్చేటప్పుడు చైనును జరిపే భాగం) వంగి చక్రం పుల్లల్లో పడటమో జరుగుతుంది. అది ఊళ్లో కూడా తేలిగ్గా బాగయ్యే దెబ్బ కాదు. పెద్ద వాన పడ్డాక రెండు రోజులు పొలం దారుల జోలికి పోకూడదు. ఇరుక్కుపోతే కట్టెపుల్లతో గీకి, సైకిల్‌ను గడ్డి మీదుగా ఎత్తి తీసుకుపోవాలి. ఇంటికొచ్చాక ఎండనిచ్చి రాల్చుకోవాలి. సర్వీసింగు సెంటరులో పంపు నీటితో కొట్టిస్తే మట్టి పోతుంది గానీ, బేరింగుల్లోని గ్రీసు కూడా దానితోపాటే పోతుంది.

శనగ, వరి కోతల కాలంలో రోడ్డే కళ్లం. సగం రోడ్డు మీద గింజలు ఆరబోసి, బండ్లు ఎక్కకుండా అంచున రాళ్లు పేరుస్తారు. గింజల మీద బ్రేకు వేస్తే చక్రం గోలీల మీద జారినట్టు జారుతుంది. అంతకన్నా అపాయం గింజలు ఎత్తేశాక మిగిలిన రాళ్లు. మసక చీకట్లో వాటికి తగిలితే ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి పాము కాటులా రెండు గాట్లు పడతాయి. అలాంటి పంచరుకు ఒక అంటు చాలదు.

ఇదే పడమటి దారిని ఎర్రగుంట్ల దాకా సాగదీయాలని చాలామందికి ఉంటుంది. సిమెంటు ఫ్యాక్టరీల లారీలు, బూడిద ట్యాంకర్లు, నాపరాళ్ల బండ్లు తిరిగే రోడ్డది. దుమ్ము గొంతులో పట్టుకుంటుంది. గండికోట చూడాలనుకుంటే సైకిల్‌ను బండిలో వేసుకుని జమ్మలమడుగు దాకా పోయి, అక్కడి నుంచి మిగిలిన పదిహేను కిలోమీటర్లు తొక్కడం తెలివైన పని. ఎర్రమల కొండలను పెన్న కోసిన లోయ అంచుకు సైకిల్ మీద చేరడంలో ఉన్న సుఖం ఆ చివరి పదిహేనులోనే ఉంది.

తూర్పు: సిద్ధవటం, ఒంటిమిట్ట

రెండూ కడపకు సుమారు పాతిక కిలోమీటర్లు. రేణిగుంట రోడ్డు మీద భాకరాపేట దాకా దారి ఒకటే, అక్కడ ఎడమకు చీలితే సిద్ధవటం, నేరుగా పోతే ఒంటిమిట్ట. సిద్ధవటంలో పెన్న ఒడ్డున మట్లి రాజుల కాలం నాటి కోట ఉంది. ఒంటిమిట్టలో కోదండరామాలయం, పక్కనే చెరువు. చైత్ర మాసంలో శ్రీరామనవమి బ్రహ్మోత్సవాలు జరిగే రోజుల్లో ఈ రోడ్డు వదిలేయాలి. కల్యాణం పున్నమి వెన్నెల్లో రాత్రిపూట చేస్తారు కాబట్టి ఆ మధ్యాహ్నం నుంచే బండ్లు కిటకిటలాడతాయి.

సిద్ధవటం దాటి బద్వేలు వైపు లంకమల కనబడగానే అడవి దారుల్లోకి దూరాలనిపిస్తుంది. దూరకూడదు. అది లంకమల్లేశ్వర అభయారణ్యం. ప్రపంచంలో ఇక లేదనుకున్న కలివికోడి 1986లో ఈ ప్రాంతపు చిట్టడవిలోనే మళ్లీ కనిపించింది. రాత్రిపూట తిరిగే పక్షి, పొదల మధ్య తెరిపి నేల దాని ఇల్లు. అటవీశాఖ అనుమతి లేకుండా లోపలికి పోవడం నేరం. పైగా ఎర్రచందనం పెరిగే కొండలివి. తెల్లవారుజామున వీపున సంచితో అడవి బాటలో సైకిల్ మీద కనిపించిన మనిషిని చెక్‌పోస్టు సిబ్బంది ఏమనుకుంటారో చెప్పనక్కర్లేదు. తారు రోడ్డు మీది నుంచే కొండల్ని చూడాలి, అక్కడి నుంచి అవి బాగానే కనిపిస్తాయి.

ఈ దారిలో మైళ్లకొద్దీ నీడ తక్కువ. గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు నీళ్లు, ఎండాకాలమైతే లీటరు. వట్టి నీళ్లే తాగుతూ పోతే చెమటలో పోయిన ఉప్పు భర్తీ కాదు. లీటరుకు ఒక ఓ.ఆర్.ఎస్. పొట్లం, లేదంటే తలగొట్టిన ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చీనీకాయల కాలంలో రోడ్డు పక్క రసం చెప్పుకోదగ్గదే, అందులో ఐసు వేయవద్దని చెప్పాలి. కారం దోసె మాత్రం తిరిగొచ్చాకే.

దక్షిణం: బుగ్గవంక, గువ్వలచెరువు

కొండ ఎక్కడం ఇష్టం, కనుమంటే భయం అనేవారు రాయచోటి రోడ్డులో బుగ్గలేటిపల్లె వైపు బుగ్గవంక జలాశయం దాకా పోయి వెనక్కి రావచ్చు. ఎక్కుడు మెల్లగా, తెలియకుండా మొదలవుతుంది. వేగం ఎందుకు తగ్గిందో అర్థంకాక టైరులో గాలి తగ్గిందేమోనని దిగి చూసేవాళ్లుంటారు. తిరుగు దారి మొత్తం దిగుడు. నెలకు నాలుగుసార్లు ఇది తొక్కినవారికే ఆ పై కనుమ.

నల్ల సైకిల్ మీద కనుమ ఎందుకు ఎక్కలేమో పళ్ల లెక్కలో ఉంది. ముందు 44 పళ్లు, వెనక 18. పెడలు నిమిషానికి 60 సార్లు తిప్పితే గంటకు 18 కిలోమీటర్ల పైన పోతుంది. నూరు మీటర్లకు ఆరు మీటర్లు లేచే వాలు మీద, మనిషి, సైకిల్ కలిపి 85 కిలోలు అనుకుంటే, ఆ వేగానికి సుమారు 300 వాట్లు కావాలి. పందేల్లో తొక్కేవారు తప్ప ఎవరూ అంతసేపు ఇవ్వలేరు. కాలు నెమ్మది చేస్తే వాట్లు తగ్గుతాయి, కానీ ఒక్కో తొక్కుకు మోకాలి మీద పడే బరువు అంతే ఉంటుంది. మోకాళ్లు పట్టేసేది అందుకే. షాపులో వెనక 22 పళ్ల ఫ్రీవీల్ వేయించుకుంటే కాస్త ఊరట, దానికి చైనులో లింకు కలపాల్సి రావచ్చు. గేర్ల సైకిల్‌లో ముందు 28, వెనక 28 మీద అదే 60 తిప్పుళ్లకు ఏడున్నర కిలోమీటర్ల వేగం, 120 వాట్లలోపు పని. ఆరోగ్యవంతులు అరగంట చేయగల పనే. గేరు మార్చడం వాలు మొదలయ్యేముందే జరగాలి. చైను మీద బరువు పడ్డాక మారిస్తే టకటకమని జారుతుంది, ఒక్కోసారి తెగుతుంది.

గువ్వలచెరువు కనుమలో అసలు అపాయం ఎక్కడం కాదు, లారీలు. మలుపులో లారీ వెనక చక్రాలు ముందు చక్రాల వెంట పోవు, లోపలికి కోసుకుంటూ పోతాయి. ఎడమ మలుపులో ఎడమ అంచున ఉన్న సైకిల్‌కు ముందు చోటు ఉన్నట్టే కనిపించి, లారీ సగం దాటేసరికి ఆ చోటు ఉండదు. వెనక లారీ చప్పుడు వినబడితే మలుపుకు ముందే రోడ్డు దిగి ఆగాలి. పరువు తక్కువేమీ కాదు. ఆదివారం తెల్లారగట్ల, ఇద్దరు ముగ్గురు కలిసి, ఒకరి వెనక ఒకరుగా పోవాలి. మంచు పట్టిన రోజున, వాన రోజున అసలు వద్దు.

పైన గువ్వలచెరువులో కోవా అంగళ్లు వరుసగా ఉంటాయి. పావు కిలో కొని అక్కడే సగం తినేయడం ఆచారం లాంటిదే. మిగిలినది సంచిలో వేసుకునే ముందు బ్రేకులు చూసుకోవాలి. రబ్బరు మీది గాళ్లు అరిగిపోయాయా, లివరు దగ్గర కేబులు పోగు తెగిందా, లివరు హ్యాండిల్‌కు తగిలేంత వస్తోందా. ప్రతి 300 మీటర్ల దిగుడుకు ఆ 85 కిలోల బరువు నుంచి బ్రేకులు పీల్చుకోవాల్సిన శక్తి, లీటరు నీళ్లను 30 డిగ్రీల నుంచి 90 డిగ్రీలకు కాచేంత ఉంటుంది. గాలి అందులో కొంత తీసుకుంటుంది. నెమ్మదిగా, బ్రేకు పట్టుకునే దిగేవారి విషయంలో దాదాపు అంతా రిమ్ములోకే పోతుంది. రిమ్ము కాగితే లోపలి అంటు ఊడుతుంది, రబ్బరు జారుతుంది. కాబట్టి ఎడతెగకుండా పట్టుకోకూడదు. మలుపుకు ముందు నేరు దారిలో రెండు బ్రేకులూ గట్టిగా పట్టి వేగం దించి, మలుపులో వదిలేయాలి. రిమ్ముకు గాలి తగిలే విరామం అదే. వెనక బ్రేకు ఒక్కదాన్నే నమ్మితే చక్రం బిగిసి ఈడ్చుకుపోతుంది. ఆపే బలం ఎక్కువగా ముందు బ్రేకుదే, నడుము వెనక్కి జరుపుకుని దాన్ని వాడాలి.

దిగేటప్పుడు మధ్యలో ఒకసారైనా చోటు చూసుకుని ఆగి, రిమ్ము దగ్గరికి అరచెయ్యి తీసుకుపోవాలి. తాకకుండానే సెగ తెలిస్తే పది నిమిషాలు కూర్చోవాలి. నీళ్లు చల్లకూడదు. డిస్కు బ్రేకైతే డిస్కును అసలు ముట్టుకోకూడదు, వేలు కాలి మచ్చ పడుతుంది. ఆ పది నిమిషాలకు సంచిలోని మిగిలిన సగం కోవా ఉంది.